వేరే నమ్మకాలవాళ్లతో క్రైస్తవ విశ్వాసం, సందేహాల గురించి కూర్చుని మాట్లాడుకోవడం ఎలా?

ప్రశ్న: బెజవాడ_కూడిక

అందరికీ నమస్తే. మా సంఘం యవ్వనస్థులు, వాళ్ల కాలేజీ స్నేహితులు కలిసి నెలకోసారి మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు, దేవుడే లేడనేవాళ్లు కూడా వస్తారు. మతం మార్చే ఉద్దేశం లేదు. క్రైస్తవులు తమలో దాచుకున్న సందేహాలు కూడా బయటికి రావాలి. ఎంతమంది ఉంటే బాగుంటుంది, దేనితో మొదలుపెట్టాలి, ఎక్కడ చెడుతుంది? "బైబిల్ మార్చేశారు", "వేదాల్లోనే క్రీస్తు ఉన్నాడు" అనే మాటలు తప్పకుండా వస్తాయి. వాటి గురించి సరైన సమాచారం కావాలి.

జవాబు 1: వరండా_చర్చ

ఎనిమిది మందికి మించొద్దండీ. పది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు సభలో కూర్చున్నట్టు వింటారు. అందులో క్రైస్తవులు సగానికి మించకూడదు. చర్చి హాలు వద్దు, ఎవరింటి డాబానో లైబ్రరీ గదో చాలు. గంటన్నర సమయం, ఒకే ప్రశ్న, చదవడానికి ఒక పేజీ.

మొదటిసారికి 88వ కీర్తన తీసుకోండి. మిగతా విలాప కీర్తనలు ఎక్కువగా ఎక్కడో ఒకచోట ఆశ వైపు తిరుగుతాయి, ఇది మాత్రం చీకట్లోనే ముగుస్తుంది. ఇంత నిరాశ బైబిల్లోనే ఉందని చూశాక, సందేహం చెబితే సంఘం ఏమనుకుంటుందోనన్న భయం క్రైస్తవులకు కొంత తగ్గుతుంది. మిగతావాళ్లకూ ఇది ప్రసంగం కాదని అర్థమవుతుంది. రెండోసారికి మార్కు 9లో, నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం అడిగిన తండ్రి భాగం బాగుంటుంది.

ఒక నియమం గట్టిగా పెట్టండి. ఎదుటివారి మాటకు జవాబిచ్చే ముందు, ఆ మాటను వాళ్లు "అవును, నేనన్నది ఇదే" అనేలా తిరిగి చెప్పాలి. మొదట్లో నసగా అనిపిస్తుంది, కానీ సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఎక్కువగా చెడేది చివర్లో. ఎవరో ఒకరు అలవాటుగా "ప్రార్థన చేసుకుని ముగిద్దాం" అంటారు. తమను ఇందుకే పిలిచారని మిగతావాళ్లకు అనిపిస్తుంది, మళ్లీ రారు. ప్రార్థన ఉండదని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. కరపత్రాలూ వద్దు.

తిండి విషయం కూడా ముందే తేల్చుకోవాలి. ఎవరైనా ప్రసాదం తెస్తే కొందరు విశ్వాసులు తినరు, తెచ్చినవాళ్లు నొచ్చుకుంటారు. మొదటి కొరింథీయులు 8, 10 అధ్యాయాల్లో పౌలు చర్చించింది ఈ చిక్కునే కాబట్టి ఒక సాయంత్రం దీన్నే ప్రశ్నగా పెట్టుకోవచ్చు. మామూలు రోజుల్లో టీ, పళ్లు చాలు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. "ఇంతకీ నువ్వు హిందువా, క్రిస్టియన్‌వా? బాప్తిస్మం తీసుకున్నావా?" అని అందరి ముందూ అడగొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సీలోకి వస్తారు. అంటే ఆ ప్రశ్నకు జవాబు ఒకరి చదువును, ఉద్యోగాన్ని తాకుతుంది. ఫొటోలు, రికార్డింగులు, వాట్సాప్ స్టేటస్‌లు పూర్తిగా మానేయండి.

జవాబు 2: తాళపత్రం

"బైబిల్ మార్చేశారు" అన్నదానికి "ఒక్క అక్షరం కూడా మారలేదు" అని జవాబిస్తే అక్కడే ఓడిపోతారు, ఎందుకంటే అది నిజం కాదు. మార్కు 16:9-20 భాగం 4వ శతాబ్దపు వాటికనస్, సినైటికస్ అనే గ్రీకు చేతిరాత బైబిల్ ప్రతుల్లో లేదు. వాటిలో సువార్త 8వ వచనంతో, స్త్రీలు భయపడి పారిపోవడంతో ఆగుతుంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ (యోహాను 7:53-8:11) కూడా ఆ రెండింటిలో లేదు. మొదటి యోహాను 5:7లో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని కొన్ని అనువాదాల్లో కనిపించే మాటను పండితుడు ఎరాస్మస్ తన 1516 గ్రీకు కొత్త నిబంధన ముద్రణలో పెట్టలేదు, విమర్శలు వచ్చాక 1522లో చేర్చాడు. మీ దగ్గరున్న ముద్రణలో ఈ మూడు చోట్లా ఏముందో ముందే చూసుకుని వెళ్లండి. ఇవన్నీ మనకు తెలిశాయంటే ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చే వీలుండబట్టే. ఆ సంగతి కూడా చెప్పండి.

అవతలి వైపు నుంచీ ఒక పొరపాటు మాట వస్తుంది, "క్రీ.శ. 325 నైసియా సభలో ఓటేసి పుస్తకాలు ఎంచారు" అని. ఆ సభ చర్చించింది ప్రధానంగా ఏరియస్ బోధను (కుమారుడు సృష్టించబడినవాడే అన్నది), ఈస్టర్ తేదీని. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాలు సరిగ్గా అదే పట్టికగా కనిపించేది అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ 367లో రాసిన లేఖలో.

పునరుత్థానం గురించి మాట్లాడేటప్పుడు చరిత్ర ఎక్కడిదాకా వస్తుందో తెలిసి ఉండాలి. పౌలు క్రీ.శ. 50ల మధ్యలో రాసిన మొదటి కొరింథీయులు 15:3-8లో, తాను ఇతరుల నుంచి పొందినదే అప్పగిస్తున్నానని చెప్పి, యేసును చూసినవారి జాబితా ఇస్తాడు. సిలువ మరణం తర్వాత కొద్ది కాలానికే అనుచరులు ఇలా నమ్మారనడానికి ఇది బలమైన ఆధారం. వాళ్లు చూసింది నిజంగా లేచిన యేసునా, దర్శనాన్నా అన్నది ఈ ఆధారం ఒక్కటే తేల్చదు. అక్కడి నుంచి నమ్మకం మొదలవుతుంది. ఆ గీత ఎక్కడుందో మీరే ముందు చూపిస్తే నాస్తిక మిత్రులు మీ మాట శ్రద్ధగా వింటారు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్‌ను ఉదహరిస్తే, అతని 'యూదుల ప్రాచీన చరిత్ర' 20వ పుస్తకంలో యేసు సోదరుడు యాకోబు గురించిన ప్రస్తావన చాలు. 18వ పుస్తకంలో యేసు గురించిన భాగంలో క్రైస్తవ లేఖకులు తర్వాత చేర్చిన మాటలు ఉన్నాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

పైగా మీది నాస్తిక కేంద్రం ఉన్న ఊరు. గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చారు. వాళ్ల నాస్తికత్వం అంటరానితనం మీద పోరాటంతో, సహపంక్తి భోజనాలతో ముడిపడింది. ఆ దారిలో వచ్చినవాళ్లు పాతప్రతుల గురించి కాక, క్రీస్తులో భేదం లేదన్న సంఘంలో పెళ్లి సంబంధాలు కులం చూసి ఎందుకు కుదురుస్తున్నారని అడుగుతారు. దీనికి వచనం చదివి తప్పించుకోవద్దు.

జవాబు 3: గోదారి_గట్టు

హిందువుల వైపు నుంచి చెబుతున్నాను. వేదాల్లో క్రీస్తు అన్న వాదన వినగానే మాకు చర్చ మీద నమ్మకం పోతుంది. పురుషసూక్తం (ఋగ్వేదం 10.90)లో పురుషుణ్ని యజ్ఞంలో అర్పించడం ఉంది, నిజమే. కానీ అది సృష్టి ఎలా జరిగిందో చెప్పే సూక్తం, అందులో పాపపరిహారం ఊసే లేదు. రక్తప్రోక్షణ (పాపం పోవడానికి రక్తం చల్లడం) గురించి ప్రసంగాల్లో వినిపించే సంస్కృత వాక్యాలకు మండలం, సూక్తం, మంత్రం సంఖ్యలు అడగండి. మూలం తెరిచి చూపలేకపోతే వాడొద్దు. భవిష్యపురాణంలో శాలివాహన రాజు ఈశపుత్రుణ్ని (యేసు అని చెప్పేవాణ్ని) కలిసిన ఘట్టమూ అంతే. ఆ ఘట్టమున్న ప్రతిసర్గపర్వం అనే భాగంలోనే ఆంగ్లేయుల పాలన కూడా ఉంది, ఎంత ఆలస్యంగా చేరిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మావాళ్లకూ ఇదే కొలత. యేసు హిమాలయాల్లో చదువుకున్నాడన్న కథకు మూలం 1894లో నోటోవిచ్ అనే రష్యన్ రచయిత, లడఖ్‌లోని హెమిస్ బౌద్ధ మఠంలో గ్రంథం చూశానంటూ ప్రచురించిన పుస్తకం. మరుసటి ఏడాది ఆర్చిబాల్డ్ డగ్లస్ అనే అధ్యాపకుడు ఆ మఠానికి వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథం లేదని అక్కడి ప్రధాన లామా చెప్పారు.

జవాబు 4: కొత్తపేట_పాఠకుడు

ముస్లిం మిత్రులతో అయితే త్రిత్వంతో (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధతో) మొదలుపెట్టకండి భాయ్. యేసు కన్య మర్యమ్‌కు పుట్టాడని, మెస్సీయా అని ఖురాన్ కూడా చెబుతుంది. సూరా 19, లూకా 1 పక్కపక్కన చదివితే మాట సాఫీగా మొదలవుతుంది. అసలు తేడా సూరా 4:157 దగ్గర, సిలువ మరణం విషయంలో వస్తుంది. ఆ తేడాను కప్పిపుచ్చి "అన్నీ ఒకటే" అంటే ఎవరికీ గౌరవం కాదు.

బెజవాడ_కూడిక

చాలా కృతజ్ఞతలు. ఇంకొక్కటి. ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవాళ్లు చర్చ మధ్యలో "ప్రార్థించాను, వినలేదు" అంటే?

వరండా_చర్చ

ఆ రోజు అనుకున్న ప్రశ్నను అక్కడే ఆపేయండి. బైబిల్లో యోబు గ్రంథం చూడండి. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు (2:13), అంతవరకు బాగానే ఉన్నారు. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. చివర్లో దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద (42:7), నిలదీసిన యోబును తప్పుపట్టి మాట్లాడింది నిజమే కానీ అతని మాటనే సమర్థించాడు. కాబట్టి "దేవుని చిత్తం", "కర్మఫలం", "దేవుడే లేడు కదా" అని ముగ్గురూ మూడు వివరణలు అందుకోకుండా చూడటం నడిపేవారి పని. చనిపోయినవారి గురించి చెప్పమని అడగండి. మిగిలిన సమయమంతా దానికే పోయినా పర్వాలేదు. రెండు రోజుల తర్వాత ఒకరు ఫోన్ చేయాలి, అదీ చర్చ కొనసాగించడానికి కాదు. ఆ ఫోన్ ఎవరు చేయాలో కూడిక మొదలవకముందే అనుకుని పెట్టుకోండి, లేకపోతే ఎవరూ చేయరు.