పొదుపు విధానాలపై ప్రతిపక్షం ఎలా స్పందించాలి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
ఖజానా ఖాళీ అంటూ ప్రభుత్వం ఖర్చులకు కోత పెట్టినప్పుడు, అన్నిటినీ వ్యతిరేకించే ప్రతిపక్షాన్ని బాధ్యత లేనిదంటారు, ఊరుకుంటే లాలూచీ అంటారు. బ్రిటన్‌లో 2015 జులైలో సంక్షేమ కోతల బిల్లుపై ఓటింగుకు దూరంగా ఉండాలని అప్పటి ప్రతిపక్షమైన లేబర్ పార్టీ నాయకత్వం నిర్ణయించగా, సొంత ఎంపీలే 48 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మన ప్రతిపక్షాలు గ్రహించవలసినదేమిటి?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
తటస్థత వల్ల ఆ పార్టీ రెంటికీ చెడిందని నా అభిప్రాయం. వ్యతిరేకించినవారిలో ఒకరైన జెరెమీ కార్బిన్ సెప్టెంబరులో ఏకంగా నాయకుడయ్యారు. అయితే కోతలకు బదులు ‘అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టండి’ అన్న కార్బిన్ తరహా వాదన లండన్‌లో చెల్లినట్టు ఇక్కడ చెల్లదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగం 293(3) ప్రకారం కేంద్రం సమ్మతి కావాలి.

జవాబు (వన్‌టౌన్, విజయవాడ):
జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆపడం కష్టం కనుక కోత సాధారణంగా కాలువల తవ్వకం, రోడ్ల నిర్మాణం వంటి పనులపైనే పడుతుంది. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నెలవారీ లెక్కల్లో మూలధన వ్యయం, అంటే ఇలాంటి నిర్మాణాలపై పెట్టే ఖర్చు, బడ్జెట్ అంచనాలో ఎంత శాతానికి చేరిందో చూసి, ఏ పని ఆగిందో పేరుపెట్టి సభలో నిలదీయాలి. (వాకౌట్ చేస్తే ఆ అవకాశమూ పోతుంది.)

ప్రశ్న అడిగినవారు:
ప్రతిపక్షం తన హయాంలో ప్రభుత్వ కార్పొరేషన్ల పేరిట తెచ్చిన అప్పుల సంగతి అధికారపక్షం ఎత్తితే?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ఆ లెక్క ముందుగా తామే సభ ముందుంచాలి.