అనాథాశ్రమంలో వాలంటీరింగ్ చేసి వచ్చాను, మనసు కుదుటపడటం లేదు. ఏం చేయమంటారు?

వేరే దేశంలోని ఒక అనాథాశ్రమంలో రెండు నెలలు పనిచేసి పోయిన వారమే ఇంటికొచ్చాను. బయల్దేరే రోజు ఆరేళ్ల పాప నా బ్యాగు జిప్పు పట్టుకుని వదల్లేదు. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. ఏం చెప్పాలో తోచక "మళ్ళీ వస్తాగా" అనేశాను. వస్తానో రానో నాకే తెలీదు. విమానంలో కంటిమీద కునుకు పడితే ఒట్టు.

విమానం మారేచోట ఆరు గంటలు ఖాళీ. కూర్చుని ఫోన్‌లో చదివాను. ఇలాంటి వాలంటీరింగ్ వల్ల పిల్లలకు జరిగే హాని గురించి 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానంలోనే ఉంది. ఈ ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉంటారు. వచ్చిపోయేవాళ్లకి అలవాటుపడటం, మళ్ళీ దూరమవడం... ఇది వాళ్లకి పదేపదే జరిగేదే. వెళ్లకముందే చదవాల్సింది, నాదే తప్పు.

ఇప్పుడు ఆ పాపకి వీడియో కాల్ చేస్తూ ఉండాలా, మెల్లగా తప్పుకోవాలా? నేనన్న మాట గురించి అక్కడి టీచరుకి చెప్పేయనా? డబ్బు పంపాలనుకుంటే, పిల్లల్ని తిరిగి కుటుంబాలతో కలిపే సంస్థలకి పంపడం మేలా?

ఇంట్లోవాళ్లు "మంచి పనే చేశావు, టెన్షన్ పడకు" అంటున్నారు. పిల్లలతో పనిచేసినవాళ్లు, ఇలా వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.