ఉమ్మేసినవాడిదా పైచేయి, తుడుచుకున్నవాడిదా?

గ్రీన్‌రూమ్_గిరి:
మా నాటక బృందంలో నాలుగు రోజులుగా ఇదే గొడవ. ఎథోల్ ఫ్యూగార్డ్ నాటకం 'మాస్టర్ హెరాల్డ్... అండ్ ది బాయ్స్' (1982). చదవనివాళ్ల కోసం కథ చెప్తా. 1950, దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్. వాన, ఖాళీ టీ రూమ్. ఓనరమ్మ కొడుకు హాలీ పదిహేడేళ్ల తెల్ల కుర్రాడు. సామ్, విల్లీ అక్కడ పనిచేసే నల్లవాళ్లు, నలభై దాటినవాళ్లు. హాలీని దాదాపు పెంచింది సామే. తాగుబోతు తండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నాడని తెలిసి హాలీకి తిక్క రేగుతుంది, అదంతా సామ్ మీద చూపిస్తాడు. ఇకనుంచి నన్ను 'మాస్టర్ హెరాల్డ్' అనమంటాడు, మాస్టర్ అంటే ఇక్కడ యజమాని. చివరికి ముఖాన ఉమ్మేస్తాడు. సామ్ కొట్టబోయి ఆగిపోతాడు. పైగా, హాలీ చిన్నప్పుడు తను గాలిపటం చేసి ఎగరేయించాడు కదా, మళ్లీ ఎగరేద్దామా అని తనే అడుగుతాడు!
నాకైతే ఇది తెల్ల రచయిత తనకు కావాల్సిన క్షమను నల్ల పాత్ర చేత ఇప్పించుకోవడంలా ఉంది. మీరేమంటారు?

పాతకాపు:
గిరీ, తొందరపడుతున్నావు. ఫ్యూగార్డ్ అసలు పేరు హెరాల్డ్. చిన్నప్పుడు ఇంట్లో హాలీ అనేవాళ్లు. తమ దగ్గర పనిచేసిన మనిషి ముఖాన నిజంగానే ఉమ్మాడు, ఆ సిగ్గు డైరీలో రాసుకున్నాడు. తప్పించుకోవాలనుకునేవాడు ఆ పాత్రకు తన పేరే పెట్టుకుంటాడా? ఇంకోటి. న్యూయార్క్ బ్రాడ్వేలో సామ్‌గా వేసి, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డు తీసుకున్న జేక్స్ మొకాయ్ నల్లజాతి నటుడు. 1961లోనే ఫ్యూగార్డ్ రాసిన 'బ్లడ్ నాట్' నాటకంలో ఆయన పక్కన నటించాడు. ఆయనకు కనబడని మోసం నీకు కనబడిందా?

గ్రీన్‌రూమ్_గిరి:
నటుడు వేషం ఒప్పుకుంటే రచయితకు సర్టిఫికెట్ ఇచ్చినట్టా సార్? తప్పు ఒప్పుకునేవాడికీ క్షమ కావాలిగా, నేనంటున్నదీ అదే.

ఉష_వరంగల్:
ఉమ్మి దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ. నాకు అసలు దెబ్బ పిలుపులో ఉంది. విల్లీ మొదటి నుంచీ 'మాస్టర్' చేర్చే పిలుస్తాడు. సామ్ ఒక్కడే హాలీ అంటాడు. ఉద్యోగం పోతుంది జాగ్రత్త అని ఆ పిల్లాడు బెదిరిస్తే సామ్ ఏమంటాడు? ఒక్కసారి నా చేత అనిపిస్తే ఇంక నిన్ను వేరేలా పిలవనని. అన్నట్టే చేస్తాడు. ఆ క్షణంలో పైచేయి ఎవరిదో మీరే చెప్పండి. మా అమ్మమ్మ ఊళ్లో డెబ్బై ఏళ్ల పాలేరు, పదేళ్ల పిల్లాడిని 'చిన్నదొరా' అనేవాడట. ఆ పిల్లాడేమో ఆయన్ని 'ఒరేయ్' అనేవాడు. ఆ ఇంట్లో ఎవరి మీదా ఎవరూ ఉమ్మక్కర్లేదు. టైటిల్‌లో 'బాయ్స్' అన్నదీ అదే కదా, నలభై దాటినవాళ్లు పోరగాళ్లు!

గ్రీన్‌రూమ్_గిరి:
కానీ ఉషగారూ, ఆ మాట మీద సామ్ నిలబడడు. చివర్లో మళ్లీ 'హాలీ' అనేస్తాడు. నా బాధ అదే.

సందేహాల_సుబ్బు:
చిన్న డౌట్. గాలిపటం రోజు హాలీ బెంచీ మీద కూర్చుంటే సామ్ పక్కన కూర్చోకుండా వెళ్లిపోయింది అది తెల్లవాళ్ల బెంచీ కాబట్టి అంటారు. కానీ పార్కులు, బెంచీలు విడదీసే చట్టం వచ్చింది 1953లో కదా?

పాతకాపు:
సుబ్బూ, చట్టం కంటే ముందే ఆచారం, మునిసిపాలిటీ రూల్సు ఉన్నాయి. 1948లో నేషనల్ పార్టీ గెలిచాక ఒక్కొక్కటే దేశమంతటికీ చట్టం చేసింది. నాకు ఆ బెంచీ కంటే బార్ కథ ఎక్కువ గుచ్చుకుంటుంది. తాగి పడిపోయిన తండ్రిని సామ్ వీపున మోసుకొస్తాడు. అంతకుముందు నల్లమనిషి లోపలికి రావచ్చా అని చిన్న హాలీయే వెళ్లి అడగాల్సి వస్తుంది. మొయ్యడానికి సామ్ కావాలి, గుమ్మం దాటడానికి పర్మిషన్ కావాలి. గాలిపటం చేసింది ఆ సిగ్గుతో తల దించుకున్న పిల్లాడు పైకి చూడాలనే.

విల్లీ_వేషం:
ఈ నాటకం ఇంగ్లిష్‌లో ఒకసారి వేశాం, నేను విల్లీ. ఉమ్మి నిజంగా పడాలన్నాడు డైరెక్టర్. మొదటి రిహార్సల్‌లో హాలీ వేసిన కుర్రాడికి నోరు ఎండిపోయింది, రాలేదు. సామ్ వేసినాయన, "నీళ్లు తాగి రా తమ్ముడూ, ఫర్వాలేదు" అన్నాడు. షోలో పడింది. ఆయన వెంటనే తుడుచుకోలేదు. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు.
మీరెవరూ హిల్డా ఊసెత్తలేదు. విల్లీ డ్యాన్స్ పార్ట్‌నర్, స్టేజీ మీద కనబడదు. కొడుతున్నాడని ప్రాక్టీసుకు రావడం మానేసింది. దెబ్బ ఒకరి నుంచి ఒకరికి దిగుతుంది: హాలీ తండ్రి నుంచి హాలీకి, హాలీ నుంచి సామ్‌కి, విల్లీ నుంచి హిల్డాకి. సామ్ కొడతానంటే వద్దన్నది ఆ విల్లీయే. ఇకమీదట కొట్టనని ఒట్టేసుకునేదీ వాడే. అందుకే సామ్ ఆగడం నాకు లొంగిపోవడంలా అనిపించదు. అయినా గిరి అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. గాలిపటానికి హాలీ సరే అనకుండానే వెళ్లిపోతాడు. చివర్లో పాట కోసం జ్యూక్‌బాక్స్‌లో విల్లీ వేసే నాణెం వాడి బస్సు డబ్బులు. ఆ వానలో ఇంటికి నడిచి వెళ్లాలి.
తెలుగులో వేస్తే మాత్రం ముఖాలకు మసి పూయకండి, దణ్ణం పెడతా.

గ్రీన్‌రూమ్_గిరి:
బస్సు డబ్బుల సంగతి నేను గమనించనే లేదన్నా. మసి పూయం, కానీ 'మాస్టర్'ని 'దొర' చెయ్యాలా అలాగే ఉంచాలా అని ఇంకా కొట్టుకుంటున్నాం. దొర అంటే జనానికి పోర్ట్ ఎలిజబెత్ మాయమై మన గడీ కనబడుతుందేమో అని టెన్షన్. సరే, అద్దెకు జ్యూక్‌బాక్స్ ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?