అవంతి ఫీడ్స్, అమరరాజా: వేరే వేరే రంగాల షేర్లను ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. పాప ఇంజినీరింగ్ చదువు కోసం కొంత డబ్బు షేర్లలో పెట్టి ఏడెనిమిదేళ్లు కదపకూడదనుకుంటున్నాను. అవంతి ఫీడ్స్, అమరరాజా ఎనర్జీ మధ్య తేల్చుకోలేకపోతున్నాను.

అవంతిది రొయ్యల మేత, ఎగుమతుల వ్యాపారం. సోయా ధరలు, చెరువుల్లో తెగుళ్లు, అమెరికా సుంకాలు అన్నీ దాని మీద పడతాయి. 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి చేరినప్పుడు మావైపు ఆక్వా రైతులు ఎంత టెన్షన్ పడ్డారో చూశాను. అమరరాజా సీసం బ్యాటరీలతో పాటు లిథియం వైపూ వెళ్తోంది. ఆ పెట్టుబడికి లాభం ఎప్పటికి వస్తుందో అంతుపట్టడం లేదు.

రెండింటి పీఈ (షేరు ధర, ఒక్కో షేరుపై వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) పక్కపక్కన పెట్టి చూడటం సరికాదనిపిస్తోంది. ఒక్కోదాన్ని దాని రంగంలోని కంపెనీలతో, దాని పాత పీఈతోనే పోల్చాలా? ఆర్‌ఓసీఈ (వ్యాపారంలో పెట్టిన మొత్తం పెట్టుబడిపై వచ్చే రాబడి శాతం), అప్పు, చేతికొచ్చే నగదు... వీటిలో మీరు ముందు ఏది చూస్తారు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.