పండక్కి ఊరెళ్లకుండా ఒక్కడే హాయిగా ఉంటే తప్పా?

మెట్రోపిల్లర్: ఈ సంక్రాంతికి ఊరెళ్లలేదు. భోగి నాడు నువ్వుల నూనె రాసుకుని తలంటుకున్నా. వీపు అందలేదు, సర్లే అనుకున్నా. కేపీహెచ్‌బీ నుంచి ట్యాంక్‌బండ్ దాకా ట్రాఫిక్కే లేదు. ఇంటికొచ్చి ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని బాల్కనీలో తిన్నా. పదేళ్లలో ఇంత ప్రశాంతంగా పండగ గడవలేదు.

గోదారిగట్టు: అది ప్రశాంతత కాదండి, బద్ధకం. టికెట్ దొరకలేదని ఇంట్లో చెప్పుంటారు. రైలు బుకింగ్ 60 రోజుల ముందే మొదలవుతుంది, కావాలనుకుంటే దొరుకుతుంది.

బిర్యానీబాబు: 120 రోజులు కదా?

గోదారిగట్టు: అది పాత లెక్క. 2024 నవంబర్ 1 నుంచి 60.

మెట్రోపిల్లర్: టికెట్ ఊసే నేను ఎత్తలేదు.

పతంగ్‌పోరడు: సిటీ ఖాళీ, సిటీ ఖాళీ అంటరు. మరి మేమంతా ఏడున్నం? ధూల్‌పేట్‌ల మాంజా కొని పొద్దుగాల్నుంచి డాబా మీదనే ఉన్నం.

హాస్టల్‌పిల్ల: మా అమీర్‌పేట హాస్టల్లో నాలుగు రోజులు మెస్ మూసేశారు. బ్రెడ్డు, అరటిపండు. ఈ హాయి వంటగది ఉన్నవాళ్లకే లెండి.

గోదారిగట్టు: అసలు అడిగిందానికి చెప్పండి. మీ అమ్మగారికి ఫోన్లో ఏమన్నారు?

మెట్రోపిల్లర్: ఆఫీసులో పనుందని.

గోదారిగట్టు: చూశారా, అబద్ధం! వీపు రుద్దే మనిషి లేకుండా అదేం పండగండి?

మెట్రోపిల్లర్: వీపు గోల వదలండి సార్. నాకు విడాకులై మూడేళ్లయింది. ఊరెళ్తే నాలుగు రోజులూ అరుగు మీద అదే పంచాయితీ. చిన్నత్తయ్య అయితే వీధిలో వాళ్లని పిలిచి మరీ అడిగిస్తుంది. మీకేం తెలుసని మాట్లాడుతున్నారు?

గోదారిగట్టు: నాకు తెలిసింది చెప్తా. మా తమ్ముడూ హైదరాబాదే, వాడికీ పండక్కి పనే. నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. భోగి నాడు ఊరంతా మంటలేస్తుంటే నేను భీమవరంలో ఆసుపత్రి కుర్చీలో ఉన్నా. నాకూ ఒక్క పండగ ఎవరూ పిలవని చోట కూర్చోవాలని ఉంది. ఎలా కుదురుతుంది?

హాస్టల్‌పిల్ల: ఇది ముందే చెప్పాల్సింది అండి.

మెట్రోపిల్లర్: మీ తమ్ముడి మీద కోపం నా మీద చూపించారన్నమాట.

గోదారిగట్టు: చూపించాను. వాడికి ఫోన్ చేస్తే ఎత్తడు, మీరు జవాబిస్తున్నారు.

మెట్రోపిల్లర్: మా నాన్న మందులన్నీ మా అక్కే చూసుకుంటుంది. ఈసారి తనకి ఫోన్ కూడా చెయ్యలేదు.

బిర్యానీబాబు: అయితే 60 రోజులే అంటారా?