ముంపులో పడే పాత గుడి, పాటిదిబ్బ: తరలింపు ఎవరి బాధ్యత? ఎలా చేస్తారు?

కందకం
మధ్యతరహా రిజర్వాయర్ ఒకదానికి సర్వే నడుస్తోంది. ముంపులో ఓ రాతి శివాలయం, రెండు వీరగల్లులు (వీరుల స్మారక శిలలు), వాటి పక్కనే పాటిదిబ్బ (పాత ఊరి శిథిలాలున్న మట్టిదిబ్బ) ఉన్నాయి. ఏదీ రక్షిత కట్టడాల జాబితాలో లేదు. దేవుణ్ణి పునరావాస కాలనీలో కొత్త గుడికి మారుస్తామంటున్నారు, పాత కట్టడం ఊసే లేదు. నాగార్జునకొండలో, శ్రీశైలం ముంపులో చేసినట్టు రాళ్లు విప్పి తరలించడం కుదరదా? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

విజయపురి_గట్టు
ఆ రెంటినీ ఒకే గాటన కట్టకండి. నాగార్జునకొండ 1926లోనే బయటపడింది, అదీ ఇక్ష్వాకుల రాజధాని. డ్యాముకు శంకుస్థాపన 1955 డిసెంబరులో జరిగితే, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దయెత్తున తవ్వకాలు 1954లోనే మొదలై 1960 దాకా సాగాయి. అంతా చేసి కొండ మీద తిరిగి కట్టినవి తొమ్మిది కట్టడాలు. స్టేడియం, విహారం వగైరా జలాశయం ఒడ్డున అనుపులో కట్టారు. మిగతా లోయంతా డ్రాయింగుల్లోనూ మ్యూజియంలోనూ మిగిలింది. ‘నాగార్జునకొండను కాపాడారు’ అనేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

ఆ అనుభవం ఉన్న మన పురావస్తు సర్వే జట్టు బి.బి. లాల్ నాయకత్వంలో 1961-62లో ఈజిప్టు నూబియాకు వెళ్లి ఆఫియేలో తవ్వింది. అక్కడి రాజకీయం ఇంకో రకం. నూబియాను ముంచే అస్వాన్ డ్యాముకు సాయం చేస్తామన్న అమెరికా 1956లో వెనక్కి తగ్గింది, సోవియట్లు ముందుకొచ్చారు. ఆలయాల రక్షణకు మాత్రం 1960లో యునెస్కో పిలుపిస్తే అమెరికా డబ్బూ వచ్చింది. తవ్వకాల్లో దొరికినదాంట్లో సగం తవ్వినవాళ్లకిస్తామని ఈజిప్టు ఒప్పుకుంది. సాయం చేసిన దేశాలకు గుళ్లే ఇచ్చేసింది: దెందూర్ అమెరికాకు, దెబోద్ స్పెయిన్‌కు. అబూ సింబెల్ రాతి ఆలయాలను వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి 65 మీటర్లు పైకెక్కించారు. ఈజిప్టు వైపు నూబియన్లు 50 వేల మందిని కోమ్ ఓంబో దగ్గరికి తరలించారు. వాళ్ల కోసం అలాంటి ప్రచారమేదీ సాగలేదు.

మీ గుడికి అలాంటి దాత రాడు. మీకున్న దారల్లా ప్రాజెక్టు అంచనాల్లోకి దాన్ని ఎక్కించడమే.

చెక్కడపురాయి
విప్పడం కుదురుతుందా అంటే, సున్నం లేకుండా పేర్చిన రాతి గుడికి కుదురుతుంది. కృష్ణా తుంగభద్రల సంగమంలోని కూడవల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్లు శ్రీశైలం ముంపు నుంచి అలాగే అలంపురం చేరాయి. ఇటుకకు ఈ పద్ధతి పనికిరాదు. నాగార్జునకొండ ఇటుకలు సుమారు 20×10×3 అంగుళాలు, విప్పితే ముక్కలవుతాయి.

మొదట 1:20 కొలతలో నాలుగు ముఖాల డ్రాయింగులు, ఫోటోలు. గోడ ఒరిగి ఉంటే ఆ ఒరుగునూ వరుసవరుసకూ తూకం గుండుతో కొలిచి రాయాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒరిగిన గోడను కొత్తచోట నిటారుగా లేపితే పైకప్పు బండలు అంగుళం, రెండంగుళాల తేడాతో సరిపోవు. అప్పుడు పాత రాయి అంచు చెక్కేస్తారు.

అంకెలు శిల్పం ఉన్న ముఖం మీద వేయొద్దు, రాయి పైతలం మీద వేయాలి. ఉ-3-7 అంటే ఉత్తర గోడ, మూడో వరుస, ఏడో రాయి. సుద్దతో రాస్తే మొదటి వానకే పోతుంది. పెయింటు వాడండి, అదే అంకె రిజిస్టరులోనూ ఉండాలి. శాసనముంటే కదిపే ముందే కాగితం మీద ముద్ర తీయించాలి.

విప్పడం శిఖరం నుంచి కిందికి. కప్పు తీసిన క్షణం నుంచి గోడలు బయటికి తోసుకొస్తాయి, లోపలి పూడిక రాళ్లు జారతాయి. కాబట్టి ముందే ఊతకర్రలు బిగించాలి. గ్రానైటు ఘనపు మీటరు 2.7 టన్నుల దాకా తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 45 సెం.మీ. చదరం దూలమంటే దాదాపు 1.6 టన్నులు. దానికి 3 టన్నుల చైన్ పుల్లీ తక్కువ కాకుండా ఉండాలి, గొలుసుకూ రాయికీ మధ్య గోనెపట్ట.

కొత్తచోట నల్లరేగడి ఉంటే గట్టి నేల తగిలేదాకా తవ్వి పునాది వేయాలి. పాత ఇనుప బందులు తిరిగి వాడకూడదు. తుప్పు ఉబ్బి రాతి మూలలు పగలగొడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలో, రాగో వేయండి. కీళ్లలో సిమెంటు వద్దే వద్దు, ఉప్పు పేరుకుని శిల్పం పెచ్చులూడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, విప్పడం, కట్టడం ఒకే టెండరులో ఉండాలి. వేర్వేరైతే విప్పే బిల్లు పాసవుతుంది, రాళ్లు కుప్పలో ఉండిపోతాయి.

ఫైలు_కదలిక
పర్యావరణ నివేదికల్లో ‘10 కిలోమీటర్ల పరిధిలో రక్షిత కట్టడాలేవీ లేవు’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. అది అబద్ధం కాదు. నోటిఫై కానిది రక్షిత కట్టడం కాదు కదా, అంతే. దానికి విరుగుడు ప్రజాభిప్రాయ సేకరణలో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడం. తేదీకి కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. ఒక్కో కట్టడానికీ అక్షాంశ రేఖాంశాలు, పునాది మట్టం, నాలుగు ఫోటోలు జతచేసి రసీదు తీసుకోండి. పంచాయతీ తీర్మానం ఉంటే మరీ మంచిది.

పునాది మట్టం ఎందుకంటే, అది రిజర్వాయర్ పూర్తి మట్టానికి దగ్గరలో ఉంటే తరలించకుండా కట్ట కట్టొచ్చు. అలంపురం నవబ్రహ్మాలయాలను అలాగే ఉన్నచోటే నిలిపారు. కట్టకూ హద్దుంది మరి, 2009 అక్టోబరు వరద అలంపురంలోకి వచ్చింది.

అదే సమయంలో రాష్ట్ర పురావస్తు శాఖకు నోటిఫికేషన్ కోరుతూ దరఖాస్తు పెట్టండి, ఆంధ్రలో 1960 చట్టం కింద, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కింద. దేవాదాయ శాఖ మీద ఆశ పెట్టుకోవద్దు. దాని దృష్టి విగ్రహం, పూజ, మాన్యం మీద ఉంటుంది, గోడ మీద కాదు.

కందకం
వివరాలకు ధన్యవాదాలండీ. పాటిదిబ్బ సంగతి? దాన్ని ఎత్తుకుపోలేం కదా.

విజయపురి_గట్టు
ఎత్తలేం, తవ్వి రాసుకోవడమే. సర్వే దశలోనే పురావస్తు శాఖ చేత ఒక పరీక్ష కందకం తవ్వించమని అడగండి. సహజ నేల తగిలేదాకా దిగితే ఎన్ని పొరలున్నాయో తెలుస్తుంది, ఎన్ని సీజన్లు కావాలో ఆ లెక్కతోనే అడగాలి. సీజనంటే వానలు వెలిసిన తర్వాత మే దాకా. మీరే పార పట్టొద్దు, అనుమతి లేకుండా తవ్వితే ఉన్న ఆధారమూ పోతుంది. పొలాలకు పాటిమన్ను తోలుకెళ్లడం కూడా ఈలోగా ఆపించండి.

దిబ్బ పూర్తి మట్టానికీ కనీస మట్టానికీ మధ్య ఉంటే తొందరపడాలి. ఏటా నీళ్లు ఎక్కి దిగేచోట అలలు పక్కలు కోసేస్తాయి, వేసవిలో పూసలు, నాణేలు ఏరేవాళ్లు వస్తారు. పూర్తిగా మునిగినదానికన్నా దీనికే చేటెక్కువ.

ఇంకోటి. గుడి ఒక్కటీ తరలించి మొత్తం పని అయిపోయినట్టు ఫోటో దిగుతారు, చూసుకోండి. టర్కీలో ఇలిసు డ్యాము కింద హసన్‌కెయ్ఫ్ అనే పురాతన పట్టణం మునిగినప్పుడు అలాంటిదే జరిగింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ 2009లో రుణ హామీలు వెనక్కి తీసుకుంటే సొంత డబ్బుతో కట్టారు. 2017లో 1,100 టన్నుల జైనెల్ బే సమాధిని చక్రాల వాహనం మీద 2 కిలోమీటర్లు కదిలించారు, ప్రపంచమంతా చూసింది. ఊరు, గుహలు 2020కల్లా నీళ్లకింద. మీ అభ్యంతర పత్రంలో గుడి, వీరగల్లులు, దిబ్బ మూడింటికీ విడివిడి పద్దులు అడగండి.