కిటికీ వెలుగు, ల్యాంప్ వెలుగు ఒకే ఫ్రేమ్‌లో: చర్మం రంగు ఎలా కుదర్చాలి?

మనిషి కిటికీ పక్కన కూర్చుని చొక్కాకు గుండీ కుడుతున్నట్టు సెట్ చేసిన ఫొటో. ట్రైపాడ్ మీద లెన్స్ ఎఫ్/5.6, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400, షట్టర్ 1/15 సెకను. కిటికీ వెలుగు దాదాపు 5600 కెల్విన్ (వెలుగు రంగు కొలత; అంకె తగ్గేకొద్దీ నారింజ), అవతలి పక్క టేబుల్ ల్యాంప్ 2700. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగును తెలుపుగా చూపాలో కెమెరాకి చెప్పే సెట్టింగ్) 4000 దగ్గర పెడితే ఒక చెంప నీలం, మరో చెంప నారింజ. రెండూ కలిసే ముక్కు పక్కన చర్మం మట్టిరంగుకు తిరుగుతోంది. కిటికీకి హాఫ్ సీటీఓ జెల్ (పగటి వెలుగును కొంత నారింజ వైపు తిప్పే పారదర్శక షీటు) అంటించడం మేలా, బల్బే 4000ది పెట్టాలా? బల్బు మారిస్తే గదిలో వెచ్చదనం పోతుంది, ఈ ఫొటోకి ప్రాణమే అది.

ఇంకొకటి. 1/15లో సూది పట్టిన వేళ్లు చెదురుతున్నాయి. కదలొద్దంటే భుజాలు బిగుసుకుని పోజని తెలిసిపోతోంది. ఐఎస్ఓ 1600కి వెళ్తే 1/60 దొరుకుతుంది గానీ నీడల్లో నాయిస్ (ఇసుక గింజల్లాంటి చుక్కలు) వస్తుంది. నిజంగానే కుట్టమని, దారం పైకి లాగి చెయ్యి ఆగిన క్షణంలో నొక్కడం కంటే మంచి పద్ధతి ఉందా? ఇలాంటివి తీసినవాళ్లు దయచేసి చెప్పండి.